మా పల్లె చరిత్ర – 9 : గింజలు ఆగిపోయాక, గుండ్లకమ్మ ఒడ్డున



‘రైస్ బ్యాగ్’ అనే తిట్టు మీకు కొత్తేమీ కాదు. మూటెడు బియ్యం కోసం మతం మారినవాళ్ళ మనవలు అని దాని అర్థం. కులం పేరు పెట్టి తిడితే కేసవుతుందని తెలిసినవాళ్ళు ఈ మాటను వెతుక్కున్నారు. ఏసురత్నం, దీవెనమ్మ లాంటి పేర్లున్న పిల్లలు కొందరు క్లాసులో ఇంటిపేరుతో మాత్రమే పిలవమని అడగడం నేను చూస్తున్నాను. ఆ సిగ్గు వాళ్ళ మీద వాళ్ళకు కాదు, ముత్తాతల మీద. అందుకే ఈ భాగం ముఖ్యంగా ఆ పిల్లల కోసం రాస్తున్నాను. ఆ బియ్యం మూట ముందు మన ముత్తాతలు ఏం చేశారో తేదీలతో సహా చూద్దాం.

మన చర్చిల్లో కూడా ఈ కథ చెబుతారు. దేవుడు నమ్మదగినవాడు, కష్టకాలంలో ఓపికతో ఆయన సమయం కోసం చూడాలి అనే ప్రసంగానికి ఒంగోలు కథను మించిన ఉదాహరణ తెలుగు పాస్టర్లకు దొరకదు. కానీ ఆ చెప్పే తీరులో ఓపిక పట్టినవాడు దొర, ఫలం అందుకున్నవాడూ దొరే. మనం ఆ ఫలం. చెట్టు నాటినవాడి ఓపికను మెచ్చుకుంటాం గానీ కాయ ఓపిక గురించి ఎవరు మాట్లాడతారు?

ముందు ఆ కథనే క్లుప్తంగా చెబుతాను. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగు నేలకు వచ్చారు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడుస్తున్నా చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంత డబ్బు పోసి ఈ మిషన్ నడపడం దండగ, మూసేద్దామా అని 1853లో అమెరికాలో వాళ్ళ సభలో చర్చ జరిగింది. పటంలో ఈ మిషన్‌కు ఒక్క నెల్లూరు చుక్కే ఉంది కాబట్టి ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఆ చుక్క మీద పద్యం రాశాడు. అమెరికావాళ్ళు పాడుకునే దేశభక్తి గీతం రాసింది కూడా ఆయనే. మిషన్ బతికింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశాడు. పన్నెండేళ్ళకు, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. మన ముసలివాళ్ళు చెప్పే క్లౌ దొర ఈయనే. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

కొండ మీద ఆ రోజు ఉన్నది ఐదుగురు. జ్యూయెట్, ఆయన భార్య కాక మిగతా ముగ్గురూ మనవాళ్ళే. క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ప్రసంగాల్లో ఈ మూడు పేర్లూ ఎప్పుడైనా విన్నారా?

ఎదురుచూపును మిషనరీలు ఓడలో తేలేదు. అది మన పల్లెల్లో ముందే ఉంది. ఎర్రగుంట్ల పేరయ్య సంగతి చూడండి. ఒంగోలుకు పడమటి వైపు పల్లెలో మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు దాకా తిరిగినవాడు. క్రైస్తవం అనే మాట వినకముందే యోగ సాధన చేసి, గురువై, తనకంటూ శిష్యులను సంపాదించుకున్నవాడు. ఈ సంగతులు క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ పుస్తకంలో ఉన్నాయి. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలు అని ఆ పేరును అర్థం చేసుకోవచ్చు. దొరసాని చూపుతో రాసిన పుస్తకమే. కొన్ని పేజీల దగ్గర ఒళ్ళు మండుతుంది. అయినా పంతొమ్మిదో శతాబ్దపు మాదిగ మనిషి దేని కోసం వెతికాడో ఇంత దగ్గరగా కూర్చుని రాసుకున్న పుస్తకం నేను చదివినవాటిలో ఇంకొకటి లేదు. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషిగా ఈ మాట చెప్పడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంది. ఆ కాలపు మన కావ్యాల్లో పేరయ్య లాంటివాడికి చోటు లేదు.

పోతులూరి వీరబ్రహ్మం బోధ అప్పటికే పల్లెల్లో తిరుగుతోంది. మాదిగ కక్కయ్య ఆయన శిష్యుడైన కథ మనకు తెలిసిందే. వీరభోగ వసంతరాయలు వస్తాడని, లోకం తలకిందులవుతుందని కాలజ్ఞానం చెబుతుంది. ఎవరో వస్తారు, ఈ లెక్క మారుతుంది అని నమ్మి బతకడం మన పల్లెకు అలవాటు. పేరయ్య 1866లో భార్య నాగమ్మతో కలిసి జ్యూయెట్ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది, సభ్యులు 8 మంది. అదే నెలలో క్లౌ పేరయ్య ఊరివైపు వెళ్ళి 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. ఆ 28 మందిని సిద్ధం చేసి కూర్చోబెట్టింది పేరయ్య. దొర వెళ్ళింది కోతకు.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగాలి. విశ్వాసం.

ఈ మాటకు మన భాషలో చర్చి బయట ఉన్న అర్థం చూడండి. విశ్వాసంగల పాలేరు, విశ్వాసంగల కుక్క, తిన్న ఇంటికి విశ్వాసం, నమ్మినబంటు. అన్నిట్లోనూ విశ్వాసం కింద నుంచి పైకే పోతుంది. పైనున్నవాడు కిందివాడి పట్ల విశ్వాసంగా ఉన్నాడని తెలుగులో అనం. ఆసామి పాలేరుకు విశ్వాసపాత్రుడు అంటే నవ్వుతారు. మన తాతలు ఈ మాటలోనే బతికారు. ఇంటి మాదిగ అంటే ఒక ఆసామి ఇంటికి తరతరాలుగా కట్టుబడ్డవాడు. మోటకు తోలు బాన, ఎడ్లకు పలుపులు, ఆ ఇంటివాళ్ళకు చెప్పులు, చచ్చిన గొడ్డును ఎత్తడం, అమ్మవారి జాతరకు డప్పు. దీనికంతటికీ ప్రతిఫలం కల్లం దగ్గర కొలిచిపెట్టే మేర. పంట పండితే మేర, పండకపోతే లేదు. సేవ మాత్రం పండినా ఎండినా ఒకటే.

అలాంటి జనానికి పేరయ్య, అతని తర్వాత వచ్చిన బోధకులు ఏం చెప్పారు? పైనున్న ఒకడు నీకు మాట ఇచ్చాడు, ఆ మాటకు ఆయన కట్టుబడి ఉంటాడు అని. నమ్మదగినవాడు అని తెలుగు బైబిలు దేవుణ్ణి అంటుంది. అంటే నమ్మకాన్ని నిలబెట్టుకోవలసిన బాధ్యత ఈసారి పైవాడిది. ఇది వేదాంత చర్చలా అనిపించవచ్చు గానీ మాదిగపల్లెలో దీన్ని విన్నవాడి వెన్నెముకలో ఏదో కదిలి ఉంటుంది. తరతరాలుగా నమ్మినబంటుగా ఉన్నవాడికి మొదటిసారి తనను కాదని పోని యజమాని గురించి చెప్పారు.

ఆ నమ్మకం ఊరికే మనసులో కూర్చోలేదు. చేరినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడూ భక్తి నియమాల్లా ఉంటాయి గానీ ఊరి దృష్టిలో మూడూ తిరుగుబాట్లే. వారానికో రోజు నా ఒళ్ళు నాది అని పాలేరు అనడం మొదటిది. నీ ఇంట్లో చచ్చిన గొడ్డు నాకు కూలి కింద సరిపోదు అనడం రెండోది. జాతరకు డప్పు ఎవరు కొట్టాలి అనేది మూడోది. ఊళ్ళు ఊరుకోలేదు. కొట్టారు, పని మాన్పించారు, దారులు మూశారు. కరువుకు పదేళ్ళ ముందు నుంచే ఇది నడుస్తోంది. బియ్యం మూట వాదన చేసేవాళ్ళు ఈ పదేళ్ళను దాటేసి నేరుగా 1878లో దిగుతారు.

ఒంగోలులో బడి పెట్టిన కొత్తలో పెద్ద కులాలవాళ్ళు క్లౌ దగ్గరకు వచ్చి, మా పిల్లల్ని పంపుతాం, మాదిగల్ని మాత్రం చేర్చుకోవద్దు అన్నారట. ఏం చెయ్యాలో తోచక ఆయనొక గదిలో, భార్య హ్యారియెట్ ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం తగిలిందని, లోకం తక్కువగా చూసినవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని అందులో ఉందని మిషన్ కథ. తెరిచిన పేజీ సంగతి నమ్మేవాళ్ళు నమ్మండి. మాదిగలు వస్తే మేం రాం అన్న షరతు మాత్రం నమ్మడానికి ఏ దైవలీలా అక్కర్లేదు. ఇప్పటికీ మన ఊళ్ళల్లో బడి మధ్యాహ్న భోజనం దగ్గర వినబడే షరతే అది.

ఇక కరువు.

1876లో వానలు పూర్తిగా తప్పాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 35 లక్షల మంది చనిపోయారన్నది చరిత్రకారులు తరచుగా చెప్పే అంచనా. తిండి గింజలు దేశంలో లేక చనిపోలేదు. ఓడలెక్కి ఎగుమతి అవుతూనే ఉన్నాయి. ధర కొన్నిచోట్ల రెండింతలు, మూడింతలై కూలివాడి చేతికి అందలేదు, అంతే. 1877 జనవరి 1న ఢిల్లీలో లిట్టన్ దొర విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు చేశాడు. అదే నెలలో రిచర్డ్ టెంపుల్ మద్రాసుకు వచ్చి కరువు పనుల కూలి తగ్గించాడు. మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా. పౌండు అంటే సుమారు 450 గ్రాములు. దాంతో రోజంతా మట్టి తవ్వాలి. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఇది మనుషుల్ని చంపే కూలి అని గట్టిగా వాదించాడు. ప్రభుత్వంలో ఒక వైద్యుడే ప్రభుత్వాన్ని నిలదీశాడంటే సంగతి అర్థం చేసుకోండి.

ముందు ఎవరు చనిపోతారు? కల్లం దగ్గర మేర మీద బతికేవాడు. పంట లేదు కాబట్టి కల్లం లేదు, కల్లం లేదు కాబట్టి మేర లేదు. గొడ్లు వరసగా చచ్చాక కుట్టడానికి తోలు పని కూడా లేదు. తరతరాల విశ్వాసానికి ఆసాములు చెల్లించిన బాకీ ఇది. కొందరు పెట్టి ఉండొచ్చు. నేను వ్యవస్థ గురించి చెబుతున్నాను. విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి తీసిన ఆ కరువు ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఎముకల గూళ్ళలా ఉన్న మనుషులను వరసగా కూర్చోబెట్టి తీసినవి. ఆ బొమ్మల కింద ఒక్క మనిషి పేరూ ఉండదు.

కరువు పనుల్లో పెద్దది బకింగ్‌హాం కాలువ. అప్పటి మద్రాసు గవర్నర్ బకింగ్‌హాం డ్యూకు పేరే దానికి పెట్టారు. పనుల దగ్గర పెత్తనం చేసే మేస్త్రీలు, గుమాస్తాలు పై కులాలవాళ్ళు. తవ్విన మట్టి కొలిచేది వాళ్ళే, కూలి ఇచ్చేదీ వాళ్ళే. మాదిగ చేతిలో కూలి ఎలా పెట్టాలన్నది కూడా వాళ్ళకు ఒక సమస్య. ఈ అవస్థ చూసి క్లౌ ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ళ కాలువ పని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు అతను అమెరికాలో సర్వేయరు. గొలుసు పట్టి నేల కొలవడం తెలిసినవాడు. రాజుపాలెం దగ్గర కూలీల శిబిరం వేశారు. బోధకులే మేస్త్రీలయ్యారు. అంటే మాదిగ కొలుస్తుంటే మాదిగ తవ్వాడు. నా లెక్కలో ఈ కథలో పెద్ద అద్భుతం ఇదే. కొలత కర్ర చేతులు మారింది.

శిబిరంలో కలరా వచ్చింది, మశూచి వచ్చింది. చనిపోయినవాళ్ళ చోటుకు కొత్తవాళ్ళు వచ్చి చేరేవాళ్ళు. తట్టలు దించి కాసేపు కూర్చున్నప్పుడు బోధకులు ఎక్కువగా చెప్పింది ఒకే మాటట. ప్రయాసపడి బరువు మోసేవాళ్ళను నా దగ్గరికి రమ్మని, విశ్రాంతి ఇస్తానని క్రీస్తు పిలిచిన మాట. మీరూ నేనూ ఆ మాటను చర్చిలో ఫ్యాన్ కింద కూర్చుని విన్నాం. నెత్తిన మట్టితట్టతో విన్నవాడికి అది ఉపమానంలా వినిపించి ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. కాలువ గట్టున ఉన్న జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం చేరుతున్నారని అంటారని భయపడ్డాడు. బియ్యం క్రైస్తవులు అనే మాట అప్పటికే ఉంది. మిషనరీలకు అది పాము లాంటి మాట. పదిహేను నెలల పాటు ఒక్క బాప్తిస్మం కూడా లేదు. అడుగుతూనే ఉన్నారు, కాదంటూనే ఉన్నాడు. ఈ పదిహేను నెలల నిరీక్షణ దొరది కాదు, మనవాళ్ళది. అందులో చాలామంది అడుగుతూనే చనిపోయి ఉంటారు.

1878 జూన్‌లో క్లౌ వెల్లంపల్లి దగ్గరకు జనాన్ని పిలిపించాడు. ఒంగోలుకు ఉత్తరాన సుమారు పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉంది ఆ ఊరు. కరువు డబ్బు అయిపోయింది, ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్ళకు వెళ్ళి వ్యవసాయం పనులు చూసుకోండి అని చెప్పాడు. జనం కదల్లేదు. మాకు సాయం అక్కర్లేదన్నారు. పని చేసి బతికాం, బతుకుతాం అని చేతుల మీది బొబ్బలు చూపించారు. వచ్చే పంట కూడా పోతే ఎలాగూ చచ్చిపోతాం, క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వమన్నారు. ఇది క్లౌ తానే చెప్పుకున్న సంగతి.

జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ ఏడాది చివరికి ఈ లెక్క 9,606కు చేరింది.

జూలై 3న నీళ్ళలో నిలబడింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు వంతులేసుకుని మొత్తం తొమ్మిది గంటలు. క్లౌ ఆ రోజు ఒక్కరికి కూడా తన చేతులతో బాప్తిస్మం ఇవ్వలేదు. పేరు పిలుస్తారు, మనిషి నీళ్ళలోకి దిగుతాడు. హూపర్ ఫోటోల్లో పేరు లేని ఆ మనుషులకే ఇక్కడ ఒక్కొక్కరికీ పేరు ఉంది. 2,222 సార్లు పేరు పిలిచారు.

ఇప్పుడు బియ్యం లెక్క వెయ్యండి. గింజలు ఉన్నంతకాలం బాప్తిస్మం లేదు. గింజలు ఆగిపోయాకే బాప్తిస్మం. ఈ వరస తెలియకుండా రైస్ బ్యాగ్ అనేవాడికి చరిత్ర తెలియదు. తెలిసీ అనేవాడికి చరిత్ర అక్కర్లేదు.

అయితే ఈ వాదనతోనే ఆపేస్తే నాకు తృప్తి ఉండదు. అన్నానికీ నమ్మకానికీ సంబంధం లేదని మనం ఎందుకు నిరూపించుకోవాలి? ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు తెరిచినవాణ్ణి నమ్మడం తప్పెలా అవుతుంది? మన ఇంటికి ఎవరొచ్చినా ముందు అడిగేది అన్నం తిన్నారా అనే. కడుపు నిండినవాళ్ళు దేవుడు ఆత్మకు సంబంధించినవాడంటారు. ఆకలిగొన్నవాడికి దేవుడు నమ్మదగినవాడా కాదా అన్నది తట్ట దించాక కూలి సరిగ్గా కొలిచారా లేదా అన్న చోటే తేలుతుంది. మన ముత్తాతలు కూలి పుచ్చుకున్నారు, నమ్మారు కూడా. రెండింటికీ సిగ్గుపడాల్సిన పని లేదు.

నిరీక్షణ అన్న విషయంలో తెలుగు బైబిలు వాడిన ఒక మాట నాకు చాలా ఇష్టం. దేవుని కోసం ‘కనిపెట్టుకొని’ ఉండడం. వేచి ఉండడం, ఎదురుచూడడం అనే మాటలు ఉండగా ఈ మాట ఎంచుకున్నారు. మా నాయనమ్మ దీన్ని వేరేగా వాడేది. బర్రె ఈనడానికి సిద్ధంగా ఉంటే రాత్రంతా కనిపెట్టుకొని ఉండమనేది. జ్వరంలో ఉన్న పిల్లను కనిపెట్టుకొని ఉండమనేది. పొయ్యి మీద అన్నాన్ని కూడా అంతే. కళ్ళు మూసుకుని కూర్చోవడం అందులో లేదు. కన్ను పెట్టి ఉండాలి, సమయానికి లేవాలి. దొంగను పట్టుకోవడాన్నీ, లేనిదాన్ని కనుక్కోవడాన్నీ కూడా కనిపెట్టడం అనే అంటాం. కాలువ గట్టున పదిహేను నెలలు మనవాళ్ళు చేసింది ఈ పని. తవ్వుతూ, అడుగుతూ, చచ్చినవాళ్ళను పూడుస్తూ, మళ్ళీ అడుగుతూ.

నేను ప్రతి ఆదివారం చర్చికి పోయేవాణ్ణి కాను. జై భీమ్ అనేవాణ్ణి. ఓపిక పట్టండి, దేవుడు చూసుకుంటాడు అని కూలి రేటు అడగబోయేవాళ్ళను వెనక్కి లాగే ప్రసంగాలు నాకు పడవు. అంబేద్కర్ కూడా ఇదే అడిగాడు. మతం మారినవాడి పరిస్థితి మీద రాసిన వ్యాసంలో, క్రైస్తవులైన అంటరానివాళ్ళు తమ మీద జరిగే అన్యాయాల గురించి ఎందుకు గొంతెత్తడం లేదని నిలదీశాడు. కష్టానికి కారణం సమాజంలో ఉందని కాక తమ పాపంలో ఉందని నేర్పిన బోధే అందుకు ఒక కారణమన్నాడు. ఆ విమర్శకు మన సంఘాలు ఇప్పటికీ సరిగ్గా జవాబు చెప్పలేదు. మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి అయ్యాక చెప్పడం ఇంకా కష్టమైంది.

కానీ ఫిర్యాదు కూడా నమ్మకమే అన్నది మరిచిపోకండి. నమ్మనివాడి దగ్గరకు ఎవరూ ఫిర్యాదుకు పోరు. దావీదు కీర్తనల్లో కొన్ని ఎంతకాలం చూడాలి అని దేవుణ్ణి అడిగేవే. 1941లో వచ్చిన జాషువా ‘గబ్బిలం’ చదవండి. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. కాబట్టి దాని చేత కాశీ శివుడికి కబురు పంపుతాడు ఆ పేదవాడు. వినుకొండలో క్రైస్తవుడిగా పెరిగిన కవి, శివుడికి అర్జీ రాశాడు. ఏ దేవుడైనా సరే, పైనున్నవాడు జవాబు చెప్పాలి అన్న పట్టుదల అందులో ఉంది. ఒంగోలు నేల నుంచి వినుకొండ ఎంతో దూరం కాదు.

కారంచేడు కూడా దూరం కాదు. అప్పటికి అది ఒంగోలు కేంద్రంగా ఉన్న ప్రకాశం జిల్లాలోనే ఉంది. 1985 జూలై 16న మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి కడిగి నీళ్ళు పాడుచేయవద్దన్నందుకు గొడవ. కొట్టడానికి వచ్చినవాళ్ళ మీదికి బిందె ఎత్తిన ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. పేరు చూడండి. మర్నాడు పల్లె మీద దాడి. ఆరుగురు మాదిగలను చంపారు. చనిపోయినవాళ్ళలో బైబిలు పేర్లవాళ్ళు ఉన్నారు. గుండ్లకమ్మలో దిగినవాళ్ళ సంతతికి చెందిన పేర్లవి. మిగిలినవాళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ప్రభుత్వం సర్దుబాటు చేసి ఊరికి పంపాలని చూసింది. వాళ్ళు వెళ్ళమన్నారు. చీరాలలోనే కొత్త కాలనీ కట్టించుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్ళు. ఆ ఇరవై మూడేళ్ళు వాళ్ళు వాయిదాలకు తిరిగారు, సాక్ష్యం చెప్పారు, బెదిరింపులకు లొంగలేదు. నాయనమ్మ మాటలో చెప్పాలంటే కేసును కనిపెట్టుకొని ఉన్నారు.

ఇంకో నిరీక్షణ ఇంతకంటే పాతది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులంవాడు కాడంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను ఇప్పటికీ కలపలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యమని 2007లోనే చెప్పింది. సుప్రీంకోర్టులో పిటిషన్ 2004 నుంచి ఉంది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. చెప్పులు కుట్టే చేతులను చూసి ఊరు కులం పోల్చుకుంటుంది. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు మాత్రం మెడలో సిలువ చూసి కులం పోయిందంటుంది. అందుకే మన ఇళ్ళల్లో కాగితం మీద ఒక పేరు, చర్చిలో ఒక పేరు. దీన్ని మోసమనేవాళ్ళు ముందు ఆ మూడో పేరా చదివి మాట్లాడాలి.

వచ్చే భాగంలో ఆదివారం పని మానినందుకు పల్లెల మీద జరిగిన దాడుల గురించి, వాటి మీద కలెక్టరు కచేరీకి వెళ్ళిన అర్జీల గురించి రాస్తాను. అందుకు మీ సాయం కావాలి. ప్రకాశం, బాపట్ల, పల్నాడు, నెల్లూరు వైపు మిత్రులు మీ ఊరి చర్చిలో పాత సభ్యత్వ రిజిస్టర్లు ఉన్నాయేమో పాస్టరు గారిని అడగండి. ఉంటే చెదలు తినకముందే పేజీలన్నీ ఫోటో తియ్యండి. ఇంట్లో ముసలివాళ్ళుంటే ‘కాలవ తవ్విన కరువు’ గురించి వాళ్ళ పెద్దలు ఏం చెప్పేవాళ్ళో అడిగి, వాళ్ళ మాటల్లోనే రికార్డు చెయ్యండి. దిద్దవద్దు. పేర్లు చెబితే పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళు విడివిడిగా రాసుకోండి.

జై భీమ్.